పదిహేనో మెగాబైటు దగ్గర చిల్లు

ఆ రోజుల్లో విశాఖపట్నంలో స్కూటరు కొన్నవాడికీ కంప్యూటరు కొన్నవాడికీ పెద్ద తేడా ఉండేది కాదు. ఇద్దరూ కొత్త వస్తువుని ముందు సింహాచలం తీసుకెళ్లి, బొట్టు పెట్టించి, కొబ్బరికాయ కొట్టించి, ఆ తర్వాతే వాడకం మొదలుపెట్టేవారు. స్కూటరైతే దానంతటదే కొండెక్కేది. కంప్యూటరుని మాత్రం చంటిపిల్లలా ఆటోలో ఒళ్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాలి. (మానిటరు షాపులోనే ఉండిపోయేది. దానికి భక్తి లేక కాదు, బరువెక్కువ.) నేను అప్పుడే డిప్లొమా పూర్తిచేసి, ఇలాంటివి చూసి పెదవి విరిచే వయసులో ఉన్నాను. పెదవి విరవడం తప్ప చేతిలో వేరే పని కూడా లేదు.

మాది గోదావరి జిల్లా. నాన్న స్టీల్ ప్లాంటు ఉద్యోగం మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చింది. మావాడికి లైనక్సు వచ్చని ఆయన టౌన్‌షిప్ అంతా చాటేశారు. నిజానికి నాకు వచ్చిందల్లా ఒక పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీని మా ఇంటి కంప్యూటర్లో ఒకసారి ఎక్కించడం, అందులో అంతకుముందు ఉన్నవన్నీ పోగొట్టడం. ఆ ఖ్యాతితోనే డాబా గార్డెన్స్‌లో ఒక చిన్న కంప్యూటర్ షాపులో చేరాను. ఓనరుని అందరూ కెప్టెన్ గారనేవారు. జాలరిపేటలో పడవలున్న ఇంట్లో పుట్టి, పడవెక్కితే వాంతులవుతాయని కంప్యూటర్ల వ్యాపారంలోకి వచ్చిన మనిషి. పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు గారు తన ఆఫీసుకి కంప్యూటర్లన్నీ కొత్తవి తీసుకోవాలనుకున్నారు. విండోస్ కొనక్కర్లేకుండా పని జరుగుతుందంటే ఆ లైనక్సేదో చూస్తానన్నారు. శుక్రవారం సాయంత్రం వస్తానని కబురు చేశారు.

"మిషను లెగిసిందనుకో, నువ్వు పెర్మనెంటు. లెగలేదనుకో, టౌన్‌షిప్పు బస్సెక్కీ," అని కెప్టెన్ గారు నా జాతకం రెండు ముక్కల్లో చెప్పేశారు. నాన్నకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తలచుకుంటే నాకు అన్నం సయించలేదు.

గురువారమంతా కూర్చుని మిషను బిగించాను, లైనక్సు ఎక్కించాను, అది బుద్ధిగా లేచింది. శుక్రవారం పొద్దున్నే కెప్టెన్ గారు సీపీయూని ఒళ్లో పెట్టుకుని కొండకి వెళ్లి, దాని నుదుట బొట్టు, పక్కన గంధం, పైన రెండు పూలతో తిరిగొచ్చారు. నేను మానిటరు తగిలించి భోజనానికి వెళ్లాను. వచ్చి స్విచ్ నొక్కితే తెరమీద తెల్లటి అక్షరాలు గబగబా పైకి పరిగెత్తి, చివర్న 'కెర్నెల్ ప్యానిక్' అని, అంటే ఇక నావల్ల కాదని, ఒక్క లైను వేసి బిగుసుకుపోయాయి.

"ఏట్రా అది?" అన్నారు కెప్టెన్ గారు.

"ప్యానికండి."

"పేనిక్కంటే బయవే కదా. కొండమీద సావి దర్శనం సేసుకొచ్చినాక దానికి బయవేట్రా?"

"ఘాట్ రోడ్డు కుదుపులకి ర్యామ్ వదులై ఉంటుందండి," అన్నాను ధీమాగా. ఆటోనీ, కొండనీ, పరోక్షంగా ఆయన భక్తినీ ఒకే మాటలో తప్పు పట్టగలిగినందుకు లోపల సంతోషం కూడా వేసింది. ర్యామ్, అంటే ఆ మెమరీ పట్టీని, తీశాను. పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో దాని పళ్లు తోమాను. ఒక గుంటలోంచి తీసి ఇంకో గుంటలో పెట్టాను. ప్యానిక్. వేరే ర్యామ్ పెట్టాను. ప్యానిక్. సీడీ పెట్టి మొదట్నించీ ఎక్కిద్దామంటే ఆ సీడీ కూడా మొదట్లోనే కళ్లు తేలేసింది. కెప్టెన్ గారు మధ్యలో నిమ్మకాయ తెచ్చి మిషనుకి దిష్టి తీశారు. (నేను వద్దనలేదు. ఆ సమయంలో ఎవరేం చేసినా వద్దనే స్థితిలో లేను.)

ఈలోగా ఏజెంటు గారు రానే వచ్చారు. కెప్టెన్ గారు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించారు. నేను వెనక్కి తిరిగి మళ్లీ స్విచ్ నొక్కి, ఈసారి పరిగెత్తే అక్షరాల్ని కళ్లు చించుకుని చూశాను. మిషను లేస్తూనే మెమరీ అరవై నాలుగు మెగాబైట్లని లెక్క చెబుతోంది. లైనక్సు మాత్రం తనకి పదిహేనే కనిపిస్తోందంటోంది. మిగిలింది ఎవరు మింగారు? డిలీట్ మీట నొక్కి మదర్‌బోర్డు సెట్టింగుల నీలం తెరలోకి వెళ్లాను. పేజీ మొత్తం, పైనుంచి కిందకి, అన్నీ 'ఎనేబుల్డ్'. 'మెమరీ హోల్' అన్న లైనుతో సహా.

"ఇది ఎవరు ముట్టుకున్నారండి?"

"నానే," అన్నారు కెప్టెన్ గారు, ఏ మాత్రం తొణక్కుండా. "నువ్వు బోయినానికి ఎల్లినప్పుడు సూసేను. ఎక్కడ సూసినా డిసేబుల్డు, డిసేబుల్డు. పూజ సేయించిన మిషన్లో అన్నన్ని పడుకోబెట్టీసి ఉంచుతావేట్రా? మంచి గడియ పోతందని అన్నిటినీ లేపీసేను."

ఆ నీలం తెరలోకి వెళ్లడం ఆయనకి నేర్పింది నేనే, నా గొప్ప చూపించుకోవడానికి. ఇప్పుడా 'మెమరీ హోల్' లైనుని డిసేబుల్ చేయబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "శుక్రారం పూట, గంధం ఆరకముందే ఆపీస్తావేటి? కుదర్దు!" ఏజెంటు గారు టీ సగం తాగి గడియారం చూసుకున్నారు. నాకు టౌన్‌షిప్పు బస్సు హారన్ వినిపిస్తోంది.

"కెప్టెన్ గారూ, కొంచెం వినండి," అన్నాను గొంతు తగ్గించి. "వెనకటి రోజుల్లో మిషన్లో గుచ్చే కార్డుల కోసం మెమరీలో కొంత చోటు ఖాళీగా వదిలేవారండి. పదిహేనో మెగాబైటు దగ్గర చిల్లన్నమాట. ఇప్పుడది ఎవరికీ అక్కర్లేదండి, అందుకే మూసి ఉంచుతాం. మీరు తెరిచారు. లైనక్సు ఆ చిల్లు దాకా వచ్చి ఆగిపోతోంది, అవతలున్నదంతా దానికి లేనట్టేనండి. ఇవతలున్న చోటు చాలక ప్యానికవుతోంది."

ఆయన మొహం పాలిపోయింది. పడవల ఇంటి మనిషి కదా. "సిల్లా? పడవకి సిల్లెట్టీసి బొట్టెట్టేనేట్రా నాను?" అన్నారు. "మరి సెప్పవేటి ఇందాకా? ముయ్యి. ఉండు, తెరిసినోన్ని నానే, నానే మూస్తాను." కళ్లు మూసుకుని, "సింహాద్రప్పన్నా" అనుకుంటూ, నేను చూపించిన మీట చూపుడువేలితో నొక్కారు. మిగతావి కూడా ఒక్కొక్కటే, ఒక్కో దండంతో పడుకోబెట్టాం.

మిషను మళ్లీ లేచింది. అక్షరాల పైన మూలగా లైనక్సు గుర్తు, నల్లటి పిట్ట బొమ్మ కనిపించింది. అక్షరాలు పరిగెత్తి పరిగెత్తి, ప్యానిక్ దగ్గర ఆగకుండా దాటిపోయాయి.

"ఇంతసేపు ఏమైందండీ?" అన్నారు ఏజెంటు గారు.

"కొండెక్కి దిగింది కదండి, కొంచెం ఆయాసం," అన్నారు కెప్టెన్ గారు.

"ఆ మూల బాతేమిటి?"

"బాతు కాదండి, పెంగ్విను. సముద్రం పిట్ట. మావోల్లే."

ఆర్డరొచ్చింది. నేను పెర్మనెంటయ్యాను. నాన్న టౌన్‌షిప్పులో మళ్లీ ఒక చుట్టు చాటింపు వేశారు. మర్నాటి నుంచి షాపులో ఒక నియమం వచ్చింది: చిల్లులన్నీ మూశాకే మిషను కొండెక్కాలి, దిగాక ఎవరూ ముట్టుకోకూడదు. ఆ రోజు మిషనుని లేపింది నేనేనని నా నమ్మకం, కొండమీది అప్పన్న అని ఆయన నమ్మకం. ఈ విషయంలో మేమిద్దరం ఆఖరిదాకా ఒకరినొకరు జాలిగానే చూసుకున్నాం.

ఇప్పుడు నా కింద గదుల నిండా సర్వర్లున్నాయి. ఆ చిల్లు లైను కొత్త బోర్డుల్లో కనిపించదు. వెతికాను, లేదు, ఎందుకో బాధేసింది. ఏదైనా లేవడం లేదని నా దగ్గర పనిచేసే పిల్లలు ఫోన్ చేస్తే, నా నోట్లోంచి వచ్చే మొదటి ప్రశ్న "పూజ చేయించారా?" అని. వాళ్లు నవ్వుతారు. రెండోది, "పూజయ్యాక ఎవరు ముట్టుకున్నారు?" దానికీ నవ్వుతారు, కానీ అది నేను నిజంగానే అడుగుతాను, చాలాసార్లు జవాబు కూడా దొరుకుతుంది. అప్పుడు నేనూ నవ్వుకుంటాను. కొండమీదికి నింద తోసేసి, చెమట చేతులతో ర్యామ్ పళ్లు తోముతూ కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడంటే నాకు చాలా ఇష్టం. వాడికంటే, వాడి చెయ్యి పట్టుకుని కుదర్దన్న ఆ పెద్దమనిషంటే ఇంకొంచెం ఎక్కువ ఇష్టం.