సాంబ్రాణి పట్టిన పంట

శేషుకుమారి గంజాయి ఆరబెడుతుంది. మెల్‌బోర్న్ పడమటి కొసన, లైసెన్సున్న మందుల గంజాయి కంపెనీలో ఆమె ఉద్యోగం అదే. ఆ పక్కనే ఉన్న ట్రుగనీనాలో తెలుగువాళ్ళ భోజనాలకు వెళ్తే మాత్రం భర్త శ్రీపతి "ఫార్మాలో చేస్తుంది" అని గబుక్కున మాట తిప్పేస్తాడు. నొప్పులతో నిద్రపట్టనివాళ్ళకు వెళ్ళే మందు గురించి సిగ్గెందుకో ఆయనకూ తెలియదు.

ఆమెది కందుకూరు పక్క పల్లె. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పెరిగింది. ఆకును తొందరపెట్టి ఆరబెడితే వాసన చస్తుందని యూనివర్సిటీలో ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఈ కంపెనీలో కోసిన పూగుత్తుల్ని ఆరు రోజుల్లో ఆరగొట్టి డబ్బాలకెక్కిస్తారు. మందు బలం ల్యాబులో సరిపోతుంది. వాసన, రుచి మాత్రం మిగలవు. ఎండుగడ్డి పీల్చినట్టుందని రోగుల ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి. పద్నాలుగు రోజులు చల్లగా, మెల్లగా ఆరబెడదామని ఆమె రెండేళ్ళు పోరింది. చివరికి మేనేజరు క్రెయిగ్ ఒక్క గది ఇచ్చాడు, ఒక్కసారికే. కుదరకపోతే మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు.

తొమ్మిదో రోజు గదిలో నిమ్మాకు నలిపిన వాసన. పదో రోజూ అదే. పదకొండో రోజు గుడి వాసన.

ఆ రోజు ఆయుధపూజ. ఆమె గది వెనక్కి పరిగెత్తింది. లోపలికి గాలి తోసే యంత్రం ముందు మెయింటెనెన్సు చూసే ఉమామహేశ్వరరావు కొబ్బరికాయ కొట్టి ఉన్నాడు. ఫిల్టరు ఊడదీసి, కడిగి, ఎండలో నిలబెట్టి, దానికి పసుపూ కుంకుమా పెట్టాడు. ఫ్యాను తిరుగుతోంది. సాంబ్రాణి పొగ తిన్నగా గొట్టంలోకి పోతోంది.

"అంకుల్! ఏంటిది?"

"లోపలైతే ఫైర్ అలారమ్ మోగుద్దని బయటే పెట్టానమ్మా. రూల్ ఈజ్ రూల్ కదా."

"ఫిల్టర్ లేకుండా ఫ్యాన్ ఆన్‌లో ఉంచారా?"

"ఆపొద్దని బోర్డు పెట్టింది నువ్వేగా! అయినా దేవుడి పొగకి పంట పాడవుద్దా, చోద్యం కాకపోతే."

మనకు భక్తి ఉంటే చాలు, గాలి ఎటు వీస్తోందో చూడక్కర్లేదు. ఆ పొగకు ముందు దేవుడే దగ్గి ఉంటాడు.

పద్నాలుగో రోజు క్రెయిగ్ డబ్బా మూత తీశాడు. "చర్చిలా ఉంది, షేషు," అని మూసేశాడు. "ఇక మళ్ళీ ఆరు రోజుల పద్ధతే."

ఆమె మూత తీసి ఇంకాసేపు పీల్చింది. పొగ అడుగున నిమ్మాకు ఉంది. కానీ దానికి ఆమె ముక్కు తప్ప సాక్ష్యం లేదు. కారణం రాసిస్తే రావుగారికి వార్నింగ్. రాయకపోతే నేరం పద్నాలుగు రోజుల మీద పడుతుంది.

"దేవుడి పేరు కంప్లయింట్‌లో రాస్తావా తల్లీ? మనోళ్ళేమనుకుంటారు?" అన్నాడు రావుగారు.

"దేవుడి పేరు కాదంకుల్. ఫిల్టర్ పేరు రాస్తున్నా."

రాసింది. పొగ పట్టిన సరుకంతా రూలు ప్రకారం ఇద్దరు సాక్షుల ముందు నుజ్జు చేసి మట్టిలో కలిపారు. రావుగారికి వార్నింగ్ వచ్చింది. ఆదివారం భోజనాల్లో అలివేలు ఆంటీ పులిహోర వడ్డిస్తూ, "గంజాయి కంపెనీలో పూజ మీద కంప్లయింట్ ఇచ్చింది నువ్వేనంటగా?" అంది. శ్రీపతి ఇన్నాళ్ళు కప్పిన ఫార్మా ముసుగు ఆ గరిటెతోనే పోయింది.

రిపోర్టు చదివిన క్రెయిగ్ ఇంకో అవకాశం ఇచ్చాడు. గది ఖాళీ అయ్యేది మాత్రం వచ్చే అక్టోబరులో.

ఆ మాట విని రావుగారు చేతిలో స్పానరు కింద పెట్టాడు. "అక్టోబరంటే... మళ్ళీ దసరాకే కదమ్మా?"

శేషుకుమారి అప్పటికే ఫిల్టరు పెట్టె గొళ్ళేనికి ఎంత తాళం పడుతుందో టేపు పెట్టి కొలుస్తోంది.