చల్లబడ్డ ట్రేలు

హ్యాచరీలో అందరూ ఆమెను లైటక్క అంటారు. నల్లగుడ్డ పరదా వేసిన గదిలో, మూతకు రంధ్రం పెట్టిన రేకు డబ్బాలో బల్బు వెలిగించుకుని, పద్దెనిమిదేళ్లుగా కోడిగుడ్ల లోపలికి చూస్తోంది. గుడ్డు వెడల్పు వైపును వెలుతురుకు ఆనించి మణికట్టు ఒక్కసారి తిప్పుతుంది. నెత్తురు నరాలు ఎర్రటి వేర్లలా పాకి ఉంటే పిల్ల బతికుంది. వేర్లు చెరిగి, నెత్తురు గుండ్రటి గీతలా మిగిలితే పోయింది. ఏమీ లేకపోతే ఖాళీ గుడ్డు. గదిలోంచి బయటికొచ్చాక ఎండకు కళ్లు చిట్లించుకుని కాసేపు ఎవరినీ గుర్తుపట్టదు. కొత్తవాళ్లు పొగరనుకుంటారు.

ఒక రోజు తెల్లవారాక కరెంటు పోయింది. జనరేటరు కిక్కురుమనలేదు. నాలుగు గంటలు పొదిగే యంత్రాలు ఆగిపోయాయి. పొదగడానికి పెట్టి పదో రోజైన గుడ్లున్న యంత్రం దగ్గర డ్యూటీలో ఉన్నది ఆమె తోడికోడలు. చేరి నాలుగు నెలలైనా కాలేదు. జనరేటరు బ్యాటరీ దిగిపోయిందని రెండు రోజుల ముందే చెప్పింది. ఎవరు విన్నారు? ఊడ్చే చేతులు, మోసే చేతులు కావాలి గాని, ఆ చేతులున్న మనిషికి నోరుంటే యాజమాన్యానికి గిట్టదు.

కరెంటొచ్చిన పది నిమిషాలకే సూపర్‌వైజరు నాలుగు గుడ్లు తీసి టార్చి వేసి చూశాడు.

“ఒక్కటీ కదలట్లేదు. అన్నీ పోయాయి, పారబోయించండి. నువ్వు రేపట్నించి రానక్కర్లేదు,” అన్నాడు తోడికోడలితో.

ఆమె చేతిలోని ట్రే దించకుండానే ఏడ్చేసింది.

లైటక్క అవే నాలుగూ తీసుకెళ్లి చూసొచ్చింది. “వేర్లు ఎర్రగానే ఉన్నాయి సార్. చలికి ముడుచుకున్నాయంతే. వెచ్చబడనివ్వండి. రేపు ఈ వేళకు చూద్దాం.”

“కదలందాన్ని బతికుందంటావేంటి?”

“పొద్దున్నే కదలనోళ్లందర్నీ పాడెక్కిస్తే మా ఆయన పెళ్లైన కొత్తలోనే పోయుండేవాడు సార్.”

తోడికోడలికి ఏడుపులోనూ నవ్వొచ్చింది. సూపర్‌వైజరుకు రాలేదు. “రేపు కూడా కదలకపోతే?”

“ఇద్దరం కలిసే పోతాం. ఎలాగూ వచ్చేది ఒకే ఆటోలో.”

ఆ మాట ఊరికే రాలేదు. చేరిన ఏడాది ఇలాగే చల్లబడ్డ ట్రేను, పైవాళ్లు చెప్పారని, తన చేత్తోనే చెత్త డబ్బాలో గుమ్మరించింది. పగిలిన పెంకుల మధ్య ఒక పిల్ల కాలాడించింది. అప్పటినుంచీ చల్లటి గుడ్డు మీద తీర్పు చెప్పదు.

సాయంత్రం ఇంట్లో తోడికోడలు కూరలో ఉప్పు రెండోసారి వేయబోయింది. “ఒకవేళ రేపు...” అంది.

“ముందు ఆ ఉప్పు డబ్బా అక్కడ పెట్టు,” అంది లైటక్క. ఆమెకూ భయంగానే ఉంది. నాలుగు గంటలంటే తక్కువేం కాదు.

మర్నాడు చీకటి గదిలో ముగ్గురూ నిలబడ్డారు. మొదటి గుడ్డులో నెత్తురు గీత. సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. లైటక్క రెండోది పెట్టింది. ఎర్రటి వేర్ల నడుమ నల్లటి కన్ను, దాని వెనకే ఒక నీడ ఇటునుంచి అటు ఊగింది. మూడోది ఊగింది. నాలుగోది ఇంకా హుషారుగా ఊగింది. ట్రేలన్నీ అయ్యేసరికి పోయినవి ఎప్పుడూ పోయేవాటికంటే కాస్త ఎక్కువ, అంతే.

లైటక్క ఒక గుడ్డు తోడికోడలి చేతిలో పెట్టింది. “నువ్వే చూడవే.”

ఆమె చాలాసేపు చూసింది. “ఈదుతోందక్కా.”

“ఇంకోసారి చూడాలని నేనూ అనుకున్నాలే,” అన్నాడు సూపర్‌వైజరు.

“అనుకున్నది డ్యూటీ పుస్తకంలో రాయండి సార్. బ్యాటరీ సంగతి ఈమె ఎప్పుడు చెప్పిందో అది కూడా. తేదీ వేసి.”

అతను జేబులు తడుముకున్నాడు. లైటక్క ఖాళీ గుడ్ల మీద గీత పెట్టే పెన్సిలు అందించింది. అతను రాసేదాకా పక్కనే నిలబడింది.

బయటికొచ్చి, కళ్లు చిట్లించుకుంటూ మెట్టు మీద కూలబడింది. ఎదురుగా ఎవరో మంచినీళ్ల గ్లాసుతో నిలబడ్డారు.

“ఎవరే అది?”

“నేనేనక్కా. రేపు పొద్దుటి డ్యూటీ కూడా నాదే.”