నాకేం తెలీదన్నాను

ఈ మాట చాలా ఏళ్ళుగా నాలోనే ఉండిపోయింది. స్త్రీల కూడికలో బైబిలు వాక్యం చెబుతున్నా లోపల బరువుగా తగులుతూనే ఉండేది. మిమ్మల్ని నేనెరగను, నన్ను మీరెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల్లో మా ఆయన మామిడికుదురు దగ్గర ఒక పల్లెలో పాస్టరు. మందిరానికి స్థలమూ, మేముండే ఇల్లూ ఇచ్చింది సంఘపెద్ద గారే. ఆయన కొడుకూ, మందిరంలో పాటలు పాడే రత్నకుమారీ ఇష్టపడ్డారు. ఆమెకు తండ్రి లేడు, తల్లి కూలికి వెళ్ళేది. నెల తప్పిందని తెలిశాక ఇద్దరూ నా దగ్గరకే వచ్చారు. పెళ్ళి చేసుకుంటానని ఆ అబ్బాయి మా వంటింట్లో నిలబడి మాటిచ్చాడు. పాస్టరు గారికి అప్పుడే చెప్పవద్దని బతిమాలాడు. సరేనన్నాను. ప్రార్థన చేసి పంపేశాను.

తరవాత అతను మాట మార్చాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు రత్నను నిలబెట్టి అడిగారు. ఆమె అతని పేరు చెప్పింది.

"మావాడి మీద నింద వేస్తున్నావా? ఎవరు చూసేరు?" అని సంఘపెద్ద గారు లేచారు.

రత్న నావైపు తిరిగింది. "అమ్మగారండీ, ఆయన మాటిచ్చినప్పుడు మీరూ ఉన్నారు కదండీ. మీరు చెప్పండి."

మా ఆయన నన్ను చూశారు. "నీకేమన్నా తెలుసా?"

"నాకేం తెలీదండి" అన్నాను.

ఆమె మందిరం మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఎందుకన్నాను? ఇల్లు పోతుందని భయం. నిజమే. కాని భయమొక్కటే అయితే ఇంత సిగ్గుపడేదాన్ని కాదేమో. ఆడపిల్లలకు నన్ను చూసి నేర్చుకోమని చెప్పే ఆ ఊళ్ళో, ఇంత సంగతి దాచిపెట్టి మొగుడికి కూడా చెప్పలేదట అని నలుగురూ అనుకోవడం నేను భరించలేకపోయాను. ఆ పిల్ల బతుకు కన్నా నా పేరే నాకు ఎక్కువైంది.

రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్లకు రత్నను రానివ్వలేదు. ఆమె ఆడపిల్లను కని, తల్లి దగ్గర వదిలి, ఇంటిపనికి కువైట్ వెళ్ళిపోయింది. ఆ అబ్బాయి పెళ్ళి మా మందిరంలోనే జరిగింది. నేనే పాట ఎత్తుకున్నాను. మా ఆయన ఏమీ తెలియకుండానే పోయారు.

చాలా ఏళ్ళకు రాజోలు బస్టాండులో రత్న కనిపించింది. పక్కన ఎదిగిన కూతురు.

"బాగున్నారాండీ అమ్మగారూ?" అంది. కూతురితో, "పాస్టరమ్మ గారు. వందనాలు చెప్పు" అంది.

ఆ పిల్ల చేతులు జోడించింది. అప్పుడైనా చెప్పవలసింది. "ఎప్పుడొచ్చేవమ్మా?" అని మాత్రం అడిగాను. బస్సు రాగానే ఎక్కేశాను.

దేవుడి దగ్గర ఎన్నోసార్లు ఏడ్చాను. ఆయన దగ్గర ఏడవడం తేలిక, ఊళ్ళో ఎవరికీ వినపడదు. క్షమించమని అడగవలసింది రత్నను. ఆ ధైర్యం ఇప్పటికీ లేదు.

ఆ రోజు మందిరంలో రత్న నిజమే చెప్పింది. అబద్ధమాడింది నేను. ఈ ఒక్క మాటా ఇన్నాళ్ళకు ఇంకొకరి చెవిన పడింది.