నిండిన ఏడు, నడుస్తున్న ఏడు

ఆ ఉదయం పక్కింటి అరుగు మీద గంజి కుండ బోర్లించి ఉంది. ఎండెక్కక ముందే పడుగుకు గంజి పెట్టే ఇల్లు అది. నేను చూస్తూ ఉండగానే అమ్మ వచ్చి, పెద్దమ్మ నిద్రలోనే పోయిందని చెప్పింది.

పెద్దమ్మ అనడమే గాని మాకు చుట్టరికం లేదు. రెండిళ్ళ మధ్య ఒక గోడ ఉండేది, అంతే.

చిన్నప్పుడు నాకు జ్వరం వచ్చి తగ్గింది. కుడికాలు మాత్రం నాతో లేవలేదు. నల్లగొండ సర్కారు దవాఖానలో పసిపిల్లల కాళ్ళకు మాలిష్, కసరత్తు ఉచితంగా చేయిస్తున్నారని విని బాపు నన్ను భుజాన వేసుకుని వెళ్ళాడు. అక్కడి షరతులు రెండు. పిల్లకు ఐదేళ్ళు నిండి ఉండకూడదు. ఇంటి మనిషి ఒకరు వారానికి రెండుసార్లు తీసుకొచ్చి, కసరత్తు నేర్చుకుని, ఇంట్లో రోజూ చేయించాలి. గుమాస్తా వయసు అడిగితే బాపు ఐదు అన్నాడు. మా నేతగాళ్ళ ఇళ్ళలో నడుస్తున్న ఏడునే చెబుతారు. గుమాస్తా అది నిండిన ఏడనుకుని తల అడ్డంగా ఊపాడు. బాపు మారుమాట లేకుండా తిరిగి వచ్చేశాడు. నేను ఆయన బిడ్డనే.

ఆ సంగతి విని పెద్దమ్మ రాట్నం పక్కకు జరిపింది.

"ఐదు నిండినయా, పడ్డయా?"

పడ్డాయన్నాడు బాపు. మర్నాడు ఆమె పోలీసు పటేలు వాకిట్లో కూర్చుని, ఆయన పుట్టుకల దఫ్తరం తెరిచేదాకా లేవలేదట. నాకు నాలుగే నిండాయని రాయించుకున్న చీటీతో, నన్ను చంకనెత్తుకుని నార్కట్‌పల్లి దాకా బండిలో, అక్కణ్ణించి బస్సులో తీసుకుపోయింది. మొన్న ఐదన్నారు గదా అని గుమాస్తా కసురుకున్నాడు.

"మగ్గం మీదున్న చీరను నేసిన చీర అంటమా సారూ? గీ పిల్ల ఐదో ఏడు ఇంక మగ్గం మీదనే ఉన్నది."

ఆయన నవ్వి పేరు రాసుకున్నాడు. ఇంటి మనిషివేనా, ఏమవుతావని అడిగాడు. పెద్దమ్మనని చెప్పింది. ఆ వరస ఆ బల్ల ముందు పుట్టిందే.

దవాఖానలో పాదంతో నర్సమ్మ అరచేతిని నెట్టమనేవారు. ఇంట్లో పెద్దమ్మ నన్ను మగ్గం గుంట అంచున కూర్చోబెట్టి, కిందనున్న తొక్కుడు చెక్క మీద నా పాదం ఉంచేది. చెక్క కదిలితే పడుగు పోగులు విచ్చుకునేవి, ఆమె వాటి మధ్య నుంచి నాడె విసిరేది. కదలకపోతే చేతులు ఒళ్ళో పెట్టుకునేది.

"నాకేం తొందర లేదు బిడ్డా. నువ్వు తొక్కినప్పుడే నేస్త."

ఆ చీరల్లో అక్కడక్కడ నేత పలచన. చూసినవాళ్ళు అడిగితే, అది మా పిల్ల నడిచిన జాగా అనేది.

రెండేళ్ళకు నడిచాను. కొంచెం ఒరుగుతాను, అంతే. తర్వాత నేను చదువుకునే కాన్వెంటు హాస్టలు నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా నన్ను గుమ్మం నుంచి వాకిలిదాకా నడిపించి చూసేది. దీనికి కాలొచ్చింది గని నోరే ఇంక రాలేదని అమ్మతో అనేది. నేను దేనికైనా జంకితే మాత్రం గొంతు తగ్గించేది.

"అడిగితే ఏం పోతది బిడ్డా? అడగకుంటెనే పోతది."

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ పాడె లేచింది. నేను గడపలో నిలబడి చూశాను. ముందు ఆమె ఒక్కగానొక్క కొడుకు నడిచాడు. కుడిచేత నిప్పుకుండ, ఎడమచెయ్యి ఎడమ మోకాలి మీద ఆన్చి, అడుగడుక్కీ వంగుతూ. అదీ నాకొచ్చినలాంటి జ్వరం మిగిల్చిన కాలే. వెనకనున్నవాళ్ళు అతని నడకకు తగ్గట్టు మెల్లగా నడిచారు.

దవాఖానలో నా పేరు రాసుకున్న నాటికి అతనికి ఆరేళ్ళు నిండాయి.