నూకన్న నరికిన మడ

నూకన్నకు మడ చెట్లంటే మొదటినుంచీ గిట్టదు. అతను పుట్టి పెరిగింది శ్రీకాకుళం జిల్లాలో ఒక ఇసుక రేవులో. గుమ్మంలో నిలబడితే కెరటాలు కనబడే ఊరది. పడవా, ఇంటిజాగా ఇస్తామని సర్కారువారు చెబితే నమ్మి, మరో పన్నెండు కుటుంబాలతో కలిసి ఓడెక్కి అండమాన్‌కు వచ్చాడు. రంగత్‌కు నాలుగు మైళ్ళ అవతల ఒక ఖాడీ మొగలో వాళ్ళను దింపారు. ఖాడీ అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన ఉప్పుపాయ; మొగ దాని నోరు. దానికి రెండు వైపులా మోకాటిలోతు బురద, ఆ బురదలో వేళ్ళమీద లేచి నిలబడిన మడ అడవి, అడవి నిండా దోమలు. ఇదేం సముద్రమని నూకన్న ఆ రోజే మొహం చిట్లించాడు.

అతని బాధకు కారణం లేకపోలేదు. ఆ జనానికి తెలిసిన వేట పెద్దవల వేట. పడవలో వెళ్ళి వలను సముద్రంలో చుట్టుతిప్పి వస్తే, దాని రెండు చివరల తాళ్ళనూ జనం ఒడ్డుమీద రెండు బారులుగా నిలబడి లాగుతారు. ఊరంతా చెయ్యి వేస్తుంది, ఊరంతా పంచుకుంటుంది. దానికి కాలు ఆనే శుభ్రమైన ఒడ్డు కావాలి. సొంతూరినుంచి ఓడలో మోసుకొచ్చిన పెద్దవల మూడేళ్ళుగా పాకలో పడి ఎలుకల పాలవుతోంది. నూకన్న ఊరిపెద్ద. ఆ వలను చూసినప్పుడల్లా అతనికి తల కొట్టేసినట్టుండేది.

ఆ బురదతో స్నేహం చేసింది ఎరుకమ్మ ఒక్కతే. ఆమె నూకన్నకు అప్ప. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోయాడు. తమ్ముడి వెంట దీవికొచ్చిందే గాని తమ్ముడి కూడు తిననని వేరే పాక వేసుకుంది. ఆటు సమయంలో ఇనపకొక్కెం పట్టుకుని మడలోకి దిగి, కన్నాల్లోంచి పీతల్ని లాగేది. చీరకొంగుతో గుప్పెడు రొయ్యలు దేవేది. బుట్ట నెత్తిన పెట్టుకుని రంగత్ బజారుకు నడిచేది. బేరాలాడి ఆడి హిందీ కూడా ఊళ్ళో అందరికంటే ముందు ఆమెకే వచ్చింది.

నాలుగో ఏట నూకన్న గొడ్డళ్ళు తీయించాడు. మగవాళ్ళంతా ఎగిరి గంతేశారు. రెండు వేసవులు నరికారు. చివరికి ఖాడీ మొగలో ఒక్క మూల మిగిలినప్పుడు ఎరుకమ్మ వచ్చి అడ్డంగా నిలబడింది.

"తమ్ముడా, ఈ మూల ఒగ్గీరా. పీతలన్నీ ఇక్కడే ఉంటన్నాయి."

"పీతలకి ఇల్లు సూస్తే మనుసులెక్కడ నిలబడతారప్పా? నువ్వూ వొచ్చి తాడు పట్టు. నీకూ వాటా ఏస్తాను."

"నాకు నీ వాటా ఎందుకురా? నా సేతులున్నాయి."

నూకన్న నవ్వి, ఆ మూల కూడా నరికించాడు.

తొలిసారి పెద్దవల లాగిన రోజున ఊరు ఊరంతా ఏడ్చింది, సంతోషంతో. పారచేపలు, కవ్వళ్ళు, మెత్తళ్ళు గుట్టలుగా పడ్డాయి. నూకన్న కాలు నేలమీద ఆనలేదు. మూడేళ్ళు అలాగే నడిచింది. నాలుగో ఏట వల సగం నిండింది. ఐదో ఏట నాచూ, గులకరాళ్ళూ లాగారు. వానకు ఒడ్డు విరిగిపడి, ఎప్పుడూ తేటగా ఉండే నీరు బురదనీరైంది.

అప్పుడు ఊరికి ఒక దోషి కావలసివచ్చింది. గుడ్డు మోస్తున్న పీతను పట్టకూడదని ఆ జనంలో కట్టుబాటు. పడితే గంగమ్మకు కోపం. ఎరుకమ్మ అలాంటి పీత దొరికితే ఎప్పుడూ వదిలేసేది. ఒకే ఒక్కసారి, పది రోజుల జ్వరం నుంచి లేచి, ఇంట్లో గింజ లేక, గుడ్డుపీతను వండుకుంది. అది పక్కపాక కాసులమ్మ కళ్ళబడింది. ఏళ్ళ కిందటి ఆ ముచ్చట ఇప్పుడు పంచాయితీకి ఎక్కింది. ఎరుకమ్మ కాదనలేదు. తలవంచుకుని, "తిన్నాను, నిజిమే," అంది. ఆమె ఇక ఖాడీలో దిగకూడదని తీర్పు చెప్పింది తమ్ముడే.

చెప్పినప్పుడు నూకన్న నమ్మే చెప్పాడు. అంతవరకు అతని తప్పు లేదు. ఆ తర్వాతిదే తప్పు.

పది రోజుల తరువాత, ఎరచేపల కోసం డోంగీ అనే చిన్న పడవ వేసుకుని ఉత్తరాన మనుషులు లేని ఇంకో ఖాడీకి వెళ్ళాడు. పోటు ఎక్కుతోంది. డోంగీని మడవేరుకు కట్టి కూర్చున్నాడు. నీరు వేళ్ళ మధ్యకు ఎక్కేకొద్దీ బుల్లి రొయ్యలు, గోరంత చేపపిల్లలు మందలుగా లోపలికి దూరుతున్నాయి. వాటిని తరుముకొచ్చిన పారలు వేళ్ళు అడ్డమై లోపలికి రాలేక బయటే తిరుగుతున్నాయి. ఒక పండుటాకు రాలి బురదమీద పడింది. చిన్న పీత ఒకటి బయటికొచ్చి దాన్ని ఈడ్చుకుంటూ కన్నంలోకి పోయింది. కాసేపటికి ఇంకో ఆకు, ఇంకో పీత.

వల విసరడం మరిచిపోయి నూకన్న చూస్తూ కూర్చున్నాడు. ఆకు పీతకు, పీత వదిలిన తుక్కు రొయ్యకు, రొయ్య పారకు. ఆ పారే తన వలకు. తాము మూడేళ్ళు లాగింది పాత మడ పెంచిన చేపనేనని, ఆ పెంచే చోటును తన నోటిమాటతోనే నరికించానని అతనికి తెలిసిపోయింది. ఒక్క గుడ్డుపీతతో ఖాళీ అయ్యే ఖాడీ కాదది.

ఊరికి తిరిగొచ్చి చెప్పాలి కదా. చెప్పలేదు. నువ్వే నరికించావు గదా అంటే ఏం చెప్పను, పెద్దరికం ఏం కాను, రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాడు. రెండు నెలలు అలాగే గడిచాయి. బురదలో దిగే వీలు లేక, తమ్ముడి వాటా తినలేక, ఎరుకమ్మ మూట కట్టుకుంది. స్టీమరు దాకా ఆ మూటను నూకన్నే మోశాడు.

"నా సేతివల్ల ఊరికి సేటొచ్చింది తమ్ముడా. మీరు బాగుండండి," అంది.

నూకన్న మూట అందించాడు. ఆ రోజున నోరు విప్పనందుకు అతను తనను తాను తిట్టుకోని పూట లేదు.

తరువాత ఊరూ నిలవలేదు. ఒక్కొక్క ఇల్లే పోర్ట్ బ్లెయిర్‌కు తరలిపోయింది. నూకన్న ఉత్తరపు ఖాడీనుంచి మడకాయలు తెచ్చి బురదలో గుచ్చడం మొదలెట్టాడు. బతికినవి కొన్ని, పోటుకు కొట్టుకుపోయినవి ఎక్కువ. పన్నెండేళ్ళ తరువాత, మోకాళ్ళు పట్టేసి ఆ పనీ చేతకానప్పుడు, స్టీమరెక్కి, పోర్ట్ బ్లెయిర్‌లో అప్ప ఉంటున్న షాదీపూర్ వెళ్ళాడు.

ఎరుకమ్మ పక్కనున్న గోల్ ఘర్ పేటలో నాలుగిళ్ళ అంట్లు తోమి వచ్చి, గుమ్మంలో కూర్చుని ఉంది. నూకన్న మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఆకు సంగతి, పీత సంగతి, రొయ్యల సంగతి అంతా చెప్పాడు.

"అయితే నా సెయ్యి కాదా?" అంది.

"కాదప్పా. నా గొడ్డలి."

ఆమె మొహంలోకి ఒక వెలుగు వచ్చింది. అంతలోనే అడిగింది. "నీకు ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం ఆడవచ్చు. ఆడలేదు. "నువ్వు స్టీమరెక్కక ముందే."

ఎరుకమ్మ లేచి, రెండిళ్ళ అవతల ఉంటున్న కాసులమ్మను కేకేసి పిలిచింది. "ఇలా రాయే. తమ్ముడు ఒక మాట సెప్తాడు."

నూకన్న చేతులు కట్టుకుని నిలబడి మళ్ళీ అంతా చెప్పాడు. మొదటిసారికంటే ఇది కష్టమైంది. కాసులమ్మ నిదానంగా విని, ఆ మాటను చేత్తో గాలిలోకి తోసేసింది.

"ఛోడో భయ్యా, ఇప్పుడా పాత గొడవెందుకు? ఎవులికి గ్యాపకముంది? అందరం ఎప్పుడో మర్సిపోనాం."

"నాను మర్సిపోలేదే," అంది ఎరుకమ్మ. తమ్ముడి వైపు మాత్రం చూడలేదు.