ఊటీలో అరువు తెచ్చుకున్న గొంతు

2001 నుంచి పన్నెండేళ్లు నాచారం పారిశ్రామికవాడలో పంపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసరుగా పనిచేశాను. ఐదొందల మందీ అంతకు పైనా కార్మికులున్న చోట చట్టం ప్రకారం ఉండి తీరవలసిన ఉద్యోగం అది. క్యాంటీను, ప్రథమ చికిత్స, కార్మికుల ఫిర్యాదులు నా పరిధి. రిటైరయ్యేవాళ్లకు శాలువా, దండ తెప్పించే పని కూడా నాదే కావడంతో నన్ను వాళ్లు ‘ఫేర్‌వెల్ ఆఫీసర్’ అనేవారు. నాదీ మాటల్ని తిరగేసే బుర్రే కాబట్టి ఆ పేరుకు మురిసిపోయేవాణ్ణి. మాది తెనాలి దగ్గరి పల్లె. కాపురం ఉప్పల్‌లో. ఎవరి గొంతునైనా రెండు రోజుల్లో పట్టేసి అనుకరించగలనన్న గర్వం ఒకటి ఉండేది.

2004 మే నెలలో ఊటీ టూరు వేశాం. ఏడాదిలో సెలవులు తక్కువ పెట్టినవాళ్లను, కుటుంబాలతో సహా, కంపెనీ ఖర్చుతో తీసుకెళ్లడం మా పద్ధతి. ఒక బస్సు, వెనక డిక్కీలో గిన్నెలు, బియ్యం బస్తాలు, ఒక వంటమనిషి. మా జనరల్ మేనేజరు జీఎం గారు మాత్రం తన కుటుంబంతో కారులో ముందే వెళ్లి అదే హోటల్లో దిగారు.

బస్సులో యాదగిరి ఉన్నాడు. మెయింటెనెన్స్ ఫిట్టరు, బోడుప్పల్ నుంచి సైకిలు మీద వచ్చేవాడు. అప్పటికి అతని వయసు నలభై నాలుగు. సూపర్‌వైజర్ పోస్టుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. టూరు నుంచి తిరిగొచ్చిన పది రోజులకు ఇంటర్వ్యూ. కార్మికుడి నుంచి సూపర్‌వైజరు కావడానికి వయోపరిమితి నలభై ఐదు కాబట్టి అతనికి అదే చివరి అవకాశం. ఈ సంగతి నాకు బాగా తెలుసు. సెలక్షన్ కమిటీ కార్యదర్శిని నేనే.

ఘాట్ రోడ్డులో సగం ఎక్కాక బస్సు పొగలు కక్కింది. రేడియేటరు నుంచి ఇంజనుకు నీళ్లు వెళ్లే రబ్బరు గొట్టం చివర చీలింది. డ్రైవరు కంగారుగా దాన్ని లాగుతుంటే యాదగిరి దిగాడు.

“అరె ఆగన్నా! గట్ల గుంజితె మొత్తం తెగుతది. జర ఇంజను సల్లారనియ్యి, దానికి గూడ పానమే గద! ముందుగాల టైర్ల కింద రాళ్లు వెట్టు. ఓ అక్కా, పిల్లల్ని కొండ దిక్కు తీస్కపో.”

చీలిన మేర కోసేసి, మిగతా గొట్టాన్ని మళ్లీ బిగించి, రేడియేటరులో నీళ్లు పోశాడు. అరగంటలో బస్సు కదిలింది. నలభై మందిని, తనకు ఏ అధికారమూ లేని డ్రైవరునూ ఒక్కసారైనా కసురుకోకుండా నడిపించాడు. సూపర్‌వైజరు పనంటే అదే. నేను మాత్రం అతని యాస వింటూ, లోలోపల సాధన చేసుకుంటూ కూర్చున్నాను.

ఊటీలో సాయంత్రం చిన్నది. ఆరింటికి సరస్సులో పడవలు ఒడ్డుకు చేరతాయి. జనమంతా మంకీ క్యాపుల్లో బజారు మీద పడతారు. చాక్లెట్లు, నీలగిరి తైలం, స్వెట్టర్ల దుకాణాల ముందు కాసేపు సందడి. యాదగిరి భార్య సత్తెమ్మ ఒక దుకాణం ముందు ఆగి, “గింత సలిల గీ ఐస్‌క్రీం తింటున్నరు, ఈడ దవాఖాన దగ్గర్లనే ఉన్నట్టుంది” అంది. “నువ్వు తినకు, నీ పండ్లు గొట్టుకునే చప్పుడుకే షట్టర్లు దించుతరు” అన్నాడు యాదగిరి. నిజంగానే ఎనిమిదికల్లా షట్టర్లు దిగిపోతాయి. అందుకే అక్కడి హోటళ్లు పచ్చికలో చలిమంట వేసి, మైకు, పాటల పెట్టె అద్దెకిచ్చి అతిథుల్ని కూర్చోబెడతాయి. మా కార్యక్రమం ఏడింటికి మొదలు: హౌసీ, అంత్యాక్షరి, పిల్లల డాన్సు, చివర నా మిమిక్రీ.

ఊటీ చేరేసరికి నాలో హాస్యం ఊటలా ఊరింది. జీఎం గారు ముందు వరసలో ఉన్నారు. ఇద్దరు నాయకుల గొంతులయ్యాక, “ఇప్పుడు మన యాదగిరి!” అన్నాను. ఘాట్ రోడ్డు ఘట్టం మొత్తం ఆడాను. ‘పానమే గద’ను సాగదీసి, కళ్లు తేలేసి, నడుం వంచి. బస్సు బాగుపడిన సంగతి చెప్పలేదు, అందులో నవ్వు లేదు కనుక. జీఎం గారు కళ్లజోడు తీసి కన్నీళ్లు తుడుచుకుంటూ, “మళ్లీ చెప్పండి, మళ్లీ!” అన్నారు. మళ్లీ చెప్పాను. మూడోసారి ఎవరూ అడగలేదు, అయినా చెప్పాను.

యాదగిరి కూడా మొదట నవ్వాడు. తర్వాత మంట వైపు తిరిగి చేతులు కాచుకున్నాడు. భోజనాల దగ్గర సత్తెమ్మ నా పళ్లెంలో పప్పు వేస్తూ అడిగింది: “సార్, బండి ఆగినప్పుడు మీరు గూడ భయపడ్డరు గద. మీ గొంతు గూడ జేయకపోయిన్రా?”

నేను ఏదో చమత్కారం అన్నాను. ఏమన్నానో ఇప్పుడు గుర్తులేదు, గుర్తుండదగింది కాదు.

ఇంటర్వ్యూ రోజున కమిటీలో ముగ్గురం: జీఎం గారు, మెయింటెనెన్స్ మేనేజరు, నేను. యాదగిరి ఇస్త్రీ చొక్కాతో వచ్చి నిలబడ్డాడు. మేనేజరు అడిగిన సాంకేతిక ప్రశ్నలన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పాడు. అప్పుడు జీఎం గారు వెనక్కి వాలి, “అన్నట్టు ఆ బస్సు డైలాగు ఒకసారి చెప్పవయ్యా” అన్నారు.

“అది గీ సారు జెప్పిండు గద సార్. ఇంక నేనేం జెప్పాలె?” అన్నాడు యాదగిరి, నా వైపు చూడకుండానే.

అతను బయటికి వెళ్లాక జీఎం గారు డిక్టేట్ చేశారు: పనితనం బాగుంది, మాట తీరు సూపర్‌వైజర్ స్థాయికి తగదు. మేనేజరు తన కాగితాలు సర్దుకున్నారు. అభ్యర్థి గురించి తెలిసిన విషయాలను కమిటీ ముందు పెట్టడం కార్యదర్శి బాధ్యత. బస్సును బాగుచేసింది ఆ మాటేనని చెప్పడానికి నాకు ఒక్క వాక్యం చాలు. జీఎంతో విభేదిస్తే అసమ్మతి నోటు జతపరిచే వీలు కూడా నియమావళిలో ఉంది. గొంతులన్నీ వచ్చిన నాకు ఆ నిమిషంలో నా గొంతు రాలేదు. చెప్పింది చెప్పినట్టు రాసి, సంతకం పెట్టాను.

ఫలితం తెలియజేసే మెమో మీద అందినట్టు సంతకం చేయడానికి యాదగిరి నా గదికి వచ్చాడు. కాగితం రెండుసార్లు చదువుకున్నాడు.

“నా మాట మీ నోట్ల మంచిగనే ఉండె సార్. నా నోట్లనే పనికి రాకపాయె.”

కోపంగా అనలేదు. సంతకం చేసి, పెన్ను మూతపెట్టి తిరిగిచ్చి వెళ్లాడు. ఆ తర్వాతి ఖాళీ రెండేళ్లకు వచ్చింది. వయసు దాటిందని అతని దరఖాస్తును వెనక్కి పంపిన ఉత్తరం మీద కూడా సంతకం నాదే. నేను 2013లో రిటైరయ్యేనాటికి అతను ఫిట్టరుగానే ఉన్నాడు.

అభ్యర్థికి బంధువైన సభ్యుడు కమిటీలో కూర్చోరాదని మా నియమావళిలో ఉండేది. అభ్యర్థిని నలుగురిలో నవ్వులపాలు చేసినవాడి సంగతి అందులో లేదు. అలాంటివాడు కూడా తప్పుకోవాలి. తప్పుకోకపోతే కనీసం తాను చేసిన పని కమిటీకి చెప్పి, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని రాతపూర్వకంగా కోరాలి. నేను ఈ రెండూ చేయలేదు. తెలియక కాదు, జీఎం గారి నవ్వు పోగొట్టుకోవడం ఇష్టం లేక.