కామాగారి కళ్లలో ఒత్తులు

మా ప్రెస్సులో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. అందరికీ కామాగారే. ఒకసారి పాఠ్యపుస్తకంలో ఒక కామా ఎగిరిపోయిందని తిరుగుతున్న మిషను ఆపించాడు. యజమాని వచ్చి గొంతు చించుకున్నా, ఆ కామా దాని చోట్లో పడేదాకా కుర్చీలోంచి లేవలేదు. నేను అక్కడ అచ్చుకి అక్షరాలు పేర్చి పేజీలు కట్టేవాణ్ణి. నేను కట్టిన పేజీ ఆయన దగ్గరికి వెళ్లి ఎర్రగీతలు లేకుండా తిరిగొచ్చిన రోజు ఒక్కటీ లేదు. కాబట్టి ఇదంతా వట్టి అభిమానంతో రాస్తున్నానని అనుకోకండి.

ఆయన ప్రూఫులు దిద్దుతుంటే ఎదురుగా కూర్చుని రాతప్రతి పైకి చదివేది ఒకావిడ. అక్షరమక్షరం, చుక్కతో సహా చదవాలి. "అతడు ఆగి కామా ఆమె వైపు చూసి కామా నవ్వాడు ఫుల్‌స్టాప్" అని ఒకే గొంతుతో, నవ్వూ ఏడుపూ లేకుండా చదువుకుంటూ పోయేది. ప్రతిలో లేనిది ఆవిడ చదవకూడదు, చదవనిది ఆయన దిద్దకూడదు. అలా ఏడేళ్లు చదివి ఆయన్నే పెళ్లి చేసుకుంది. కళ్లలో వత్తులు వేసుకుని చూడటమంటే అందరికీ దీపం వత్తులు. మా కామాగారి కళ్లలో ఉన్నవి మాత్రం ధకీ భకీ పెట్టే ఒత్తులని మేం వేళాకోళం చేసేవాళ్లం.

ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి పిట్టలు. బస్సు డిపో వెనక ఒక బురదమడుగు ఉంది. పనిలోంచి దిగిపోయాక పొద్దున్నే అక్కడికే పోయేవాడు. చలికాలంలో దూరదేశాల నుంచి ఉల్లంకి పిట్టలు వచ్చి, పొడుగు ముక్కుల్ని బురదలో గుచ్చుకుంటూ తిరిగేవి. వాటిలో ఒకదాని కుడికాలికి, పిట్టల రాకపోకలు లెక్కపెట్టేవాళ్లెవరో తొడిగిన ఆకుపచ్చ ఉంగరం ఉండేది, దానిమీద "కె 47" అని అక్షరాలు. మడుగుకి వచ్చే ఒక లెక్చరరు తన స్పాటింగ్ స్కోపులోంచి, అంటే స్టాండు మీద నిలబెట్టే దుర్భిణిలోంచి, చూపించాడు. ఆరేళ్లు వరసగా అదే పిట్ట వచ్చింది, ఆరేళ్లూ కామాగారే చదివి నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఎక్కడో పుట్టిన పిట్టని మన మడుగులో చదవటమేమిటని నేనొకసారి ఎగతాళి చేస్తే నెల్లాళ్లు మాట్లాడలేదు.

మొన్న వానాకాలంలో కంటి డాక్టరు చెప్పేశాడు. కుడికంట్లో సరిగ్గా మధ్యన మచ్చ పడింది, ఎడమదాంట్లోనూ మొదలైంది. పక్కలు కనిపిస్తాయి గానీ నడిమిది పోతుంది, పై ఏడాది చలికాలానికి చదవటం కుదరదు. అంటే పిట్టలొచ్చే ఈ చలికాలం ఒక్కటే మిగిలింది. ఇంటికొచ్చి భార్యతో "అద్దాల నంబరు మారిందిట" అన్నాడు. ఆ ఉంగరాన్ని ఈ ఏడు కూడా తన కంటితో చదవాలి. ఇంక ఆయనకి వేరే ఆశ లేదు, వేరే మాటా లేదు. లెక్చరరేమో బదిలీ అయి స్కోపుతో సహా వెళ్లిపోయాడు. కొత్తది కొందామని ఫోను చేస్తే ఆయన ఇలా చెప్పాడు.

"ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందని అడక్కండి. ముందద్దం వెడల్పెంతో అడగండి. అన్నిటికంటే ముందు స్టాండు చూడండి. కాళ్లు వణికితే ఎంత మంచి అద్దమైనా దండగే."

దుకాణానికి భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. దుకాణదారు ముందుగా తేలికపాటి స్టాండు తీసి, మధ్య గొట్టాన్ని మెడలా సాగదీసి నిలబెట్టాడు. కామాగారు దాని తల మీద వేలితో ఒక్క మొట్టికాయ వేసి, స్కోపులో కన్నుపెట్టి బొమ్మ వణుకు ఆగేదాకా అంకెలు లెక్కపెట్టాడు. ఆరు. "ఇది స్టాండు కాదు, చలిజ్వరం" అన్నాడు. రెండోది నాలుగు. మూడోది లావు కాళ్లది, ఎత్తితే నడుము పట్టేసే బరువు. దాన్ని మొట్టితే ఒకటి అనేలోపే బొమ్మ నిలబడింది.

"పెద్దాయనా, ఇది మోస్తారా మీరు?" అన్నాడు దుకాణదారు.

"నేను మోస్తాలెండి" అంది ఆవిడ.

స్కోపుల్లో కూడా ఎక్కువ రెట్లదాన్ని వద్దని, ముందద్దం బాగా వెడల్పున్నదీ, వంగి పైనుంచి చూసుకునేదీ ఎంచుకున్నాడు. దాన్ని బరువు స్టాండుకి బిగించి గుమ్మం వైపు తిప్పమన్నాడు. వీధి చివర మందుల కొట్టు బోర్డు. ఎడమకన్ను ఆనించి చాలాసేపు చూసి, ఒక్కసారిగా చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఔషదాలయం! ధకి ఒత్తు పెట్టలేదు చూడు. ఇన్నేళ్లయినా దిద్దుకోలేదు వెధవలు!"

అంత దూరంలో ఒత్తు లేదని పట్టుకున్న కన్ను ఇంకా బతికే ఉందని ఆయన సంబరం. ఆవిడ బోర్డు వైపు ఒకసారి చూసింది. స్టాండు మడిచి భుజానికెత్తుకుంది.

పిట్టలు వచ్చాయి. పదకొండు రోజులు ఇద్దరూ పొద్దున్నే మడుగుకి వెళ్లారు. ఉల్లంకులు కనిపించాయి గానీ వాటి కాళ్ల దగ్గర అంతా అలుక్కుపోయినట్టుంది. మొదట గాలిని తిట్టాడు. స్టాండు కాళ్లు పొట్టి చేసి, కింద రాళ్లసంచి వేలాడదీసి, తను బురదలోనే చతికిలబడ్డాడు. తర్వాత ఎండకి నీళ్లమీద లేచే సెగని తిట్టి, తెల్లారకముందే వెళ్లటం మొదలెట్టాడు. అద్దం తుడిచాడు. రెట్లు తగ్గించాడు. పన్నెండో రోజు గాలి లేదు, సెగ లేదు, స్టాండు కొండలా ఉంది. తిట్టడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆ పొద్దున ఆయనకి చచ్చిపోవాలనిపించిందట. తర్వాత నాతో ఆయనే అన్నాడు.

"నువ్వు చూడు" అని పక్కకి జరిగాడు. పెళ్లయ్యాక ఆ మాట అనటం అదే మొదలు.

ఆవిడ వంగి చూసింది. నోటుపుస్తకం ఆయన ఒళ్లో, పెన్సిలు చేతిలో.

"ఉంగరం ఉందా?"

"ఉందండీ. ఆకుపచ్చది. కె, నాలుగు, ఏడు."

ఆయన పెన్సిలు కదల్లేదు. గొంతు అదే, ప్రెస్సులో చదివిన గొంతే. కానీ చదివేటప్పుడు ఆవిడ ప్రతి అక్షరం దగ్గరా ఒక్క క్షణం ఆగేది. ఇప్పుడు ఆగలేదు, వల్లించినట్టు చెప్పేసింది. ఆయన మళ్లీ స్కోపు మీదికి వంగి, పిట్ట మీద కాకుండా పక్కన నీళ్లమీద చూపు నిలిపాడు. డాక్టరు చెప్పిన పక్కచూపులోకి పిట్ట వచ్చింది. బొద్దు ఒళ్లు, దాని కింద ఒక్కటే గీత. ఒంటికాలి మీద నిద్రపోతోంది. ఆ కాలిమీద ఆకుపచ్చ అన్నదే లేదు.

"రెండో కాలేది?" అన్నాడు.

ఆవిడ తల తిప్పుకుంది.

"ఆ మందుల కొట్టు బోర్డు. ధకి ఒత్తుందా?"

ఆవిడ ఒప్పుకుంది. "ఉంది. నిరుడు మీరు పోట్లాడి వచ్చాక వాళ్లు దిద్దించారు."

"అంటే నేను చదవలేదు. జ్ఞాపకమున్నది చెప్పాను." ప్రూఫులు దిద్దేవాడికి ఇంతకంటే పెద్ద తప్పు లేదు. కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటిరోజు ఆయన చెప్పే పాఠమే అది. "ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"అంత సంతోషంగా నవ్వారు. ఎలా చెప్పను?" అని ఆవిడ ఏడ్చేసింది. "నంబరు మారిందన్నారు. నాతో మీరు నిజం చెప్పారా?"

ఆయన ఆవిడ ఏడుపు ఆగేదాకా కూర్చున్నాడు. ఆయన కళ్లూ తడిసే ఉన్నాయట. తర్వాత అన్నాడు.

"చూడు. ఉన్నది చదువు. లేనిది వద్దు."

ఆవిడ కొంగుతో కన్ను తుడుచుకుని వంగింది.

"పిట్ట లేదండీ" అంది. ఆగింది. "ఎగిరిపోయింది. నీళ్లున్నాయి. ఫుల్‌స్టాప్."

కామాగారు తలవంచి రాసుకోసాగాడు. ఆవిడ అటు చూసింది. నిరుటి తారీఖు, దాని పక్కన శుభ్రంగా రాసిన కె 47. సరిగ్గా దానిమీదే పెన్సిలు పోతోంది. అక్షరాలమీద అక్షరాలు పడి రెండూ చెడిపోతున్నాయి.

"పై లైను మీద రాస్తున్నారు" అంది ఆవిడ.

పెన్సిలు ఆగింది. "ఎంత కిందికి?" అన్నాడు.

ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుని ఒక లైను కిందికి జరిపింది.